పంపు మీద పానా పెట్టే ముందు

చేలో ట్రాక్టర్ ఆగిపోతే ఇప్పటి పిల్లలు ముందు జేబులోంచి ఫోను తీస్తారు. ఆదోనికో ఎమ్మిగనూరుకో కొడతారు. అవతల ఉన్నాయన బండి చూడకుండానే "పంపు పోయింటాది, విప్పుకోని తీసుకరా" అంటాడు. అంతే, పంపు విప్పేస్తారు. మా రోజుల్లో పంపు మీద పానా పెట్టడం అన్నిటికన్నా ఆఖరి పని. అంతకుముందు చూసుకోవాల్సినవి చాలా ఉండేవి, వాటిలో సగానికి పైసా ఖర్చు లేదు. అవి చూడటం మానేసి మావాళ్లు ఏటా ఎంత డబ్బు, ఎంత పదును పోగొట్టుకుంటున్నారో దేవనకొండలో కూర్చుని కళ్లారా చూస్తున్నాను. చూసి ఊరుకోవడం నాకు చేతకాదు.

పదును సంగతి ముందు చెప్పాలి. హంద్రీ పేరుకు ఏరే గానీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. గాజులదిన్నె ప్రాజెక్టు కింద కొంత పారుతుంది. హంద్రీ-నీవా కాలువ వచ్చాక కొన్ని చెరువుల్లో నీళ్లు చూస్తున్నాం. అయినా పత్తి, బుడ్డలు (వేరుశనగ), ఆముదం, కొర్ర వేసే చేలు ఇప్పటికీ ఎక్కువ భాగం మబ్బును నమ్ముకున్నవే. జూన్‌లో ఒక మంచి వాన పడిందంటే ఊరంతా ఒకేసారి చేలకు పోవాలి. నల్లరేగడి కొన్నాళ్లు తేమ పట్టి ఉంచుతుంది. ఎర్రనేల అట్లా కాదు, గాలి తోలితే రెండు మూడు రోజులకే పైపొర ఎండిపోతుంది. ఆ రెండు మూడు రోజుల్లో బండి ఆగితే రైతుకు పోయేది రిపేరు ఖర్చు ఒక్కటే కాదు. విత్తనం మట్టిలో పడాల్సిన రోజు పోతుంది. మళ్లీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు. బాడుగకు ఇంకో బండి పిలుద్దామంటే ఆ రోజు అందరి బండ్లూ వాళ్ల వాళ్ల చేలల్లోనే ఉంటాయి.

అందుకే అప్పటివాళ్లు బండిని అంత జాగ్రత్తగా చూసుకున్నారు. ట్రాక్టర్ దొరకడమే గగనంగా ఉన్న కాలం అది. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ వాళ్లు మన దేశంలో మొదటి ట్రాక్టర్ తయారుచేశారు, మరుసటి ఏడు మద్రాసులో టాఫే మొదలైంది. అయినా చాలా ఏళ్లు గిరాకీకి సరిపడా బండ్లు రాలేదు. పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లు ఉన్నారు. 1971లో హెచ్ఎంటీ వాళ్ల జెటర్, 1974లో స్వరాజ్ వచ్చాక కొంచెం ఊపిరాడింది. మా చుట్టుపక్కల ఊళ్లకు ఒక ట్రాక్టర్ వచ్చిందంటే ఎద్దుల జతలు ఆపి మరీ చూసేవాళ్లు. దాన్ని తోలే డ్రైవరుకు ఊళ్లో పెద్ద రైతుకున్నంత మర్యాద. ఆ మర్యాద ఊరికే రాలేదు. బండి తోలడం వాడి పనిలో సగమే, బాగుచేసుకోవడం మిగతా సగం. ఆదోని పోవాలంటే బస్సు కోసం పొద్దుటి నుంచి కూర్చోవాలి, ఇక పోయాక సామాను దొరుకుతుందనే నమ్మకం లేదు. కాబట్టి సీటు కింద పెట్టెలో పానాలు, రాగి వాషర్లు, ఒక డీజిల్ ఫిల్టరు, తెల్లటి గుడ్డ, సన్న ఇనుప తీగ లేకుండా ఎవడూ బండి తీసేవాడు కాదు.

నేను పని నేర్చుకుంది ఆదోనిలో ఒక షెడ్డులో. పత్తి మిల్లుల లారీలు, ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు అన్నీ అక్కడికే వచ్చేవి. మేస్త్రీ చాలా కాలం నాకు పానా ఇవ్వలేదు. కిరసనాయిలు తట్టలో సామాన్లు కడగడమే నా పని. ఏ సామాను ఎక్కడిదో, ఏ రంధ్రంలోంచి డీజిల్ లోపలికి వచ్చి ఏ రంధ్రంలోంచి బయటికి పోతుందో కడిగేటప్పుడే తెలిసిపోయేది. "డీజిల్ పోయే దోవలోనే నువ్వూ పో" అనేవాడు ఆయన. ట్యాంకు, అడుగున కాక్, పైపు, ఫీడ్ పంపు, ఫిల్టరు, పెద్ద పంపు, సన్న పైపులు, నాజిళ్లు. ఈ వరస తప్పి పని మొదలుపెడితే చేతిలోది లాక్కునేవాడు. ఎంత తెలిసినవాడైనా ఈ వరసలోనే రావాలి. ఎందుకంటే ముందున్నవన్నీ చేను గట్టు మీదే సరిచేసుకోగలిగినవి, వెనకున్నవి పట్నం పోతే గానీ కానివి. ఎద్దు మేత మానేస్తే ముందు నోరు తెరిచి నాలుకలో ముల్లు ఉందేమో చూస్తాం గానీ పొట్ట కోయించం కదా.

ఇప్పుడు ఆ వరస ఎవరికీ పట్టదు. మొన్నటి ఖరీఫ్‌లో జరిగింది చెప్తాను. మా తమ్ముని కొడుకు 35 హార్స్‌పవర్ పాత బండితో పత్తి చేను దున్నుతున్నాడు. మధ్యాహ్నానికి నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దనాయనా, అరగంట శానా బాగా లాగుతాంది. ఆమీట దమ్ము తగ్గిపోతాది, ఇంజన్ ఊగుతాది, ఆగిపోతాది. రొంతసేపు ఇడిసిపెట్టి సెల్ఫ్ కొడితే మళ్లా పడతాది. హీటుకు పంపు పట్టేస్తాందంట, విప్పుకోని రమ్మంటున్యారు."

"ఆగిపోయే ముందు పొగ యట్లొస్తాంది?"

"పొగనా? చూడలేదు పెద్దనాయనా."

నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఇంజన్ దమ్ము తగ్గినప్పుడు సైలెన్సర్ వైపు చూడకుండా డ్రైవరు ఇంకెటు చూస్తాడు? నల్లగా కక్కుతూ దమ్ము తగ్గితే డీజిల్ వస్తోంది, గాలి చాలడం లేదన్నమాట. ఎయిర్ క్లీనర్ విప్పాలి. లేదా ఇంజన్ మోయలేనంత పని పెట్టాం. పొగ పలచబడి, అసలు లేకుండానే దమ్ము తగ్గితే డీజిలే అందడం లేదు. తెల్లగా వస్తే డీజిల్‌లో నీళ్లు చేరాయనో, నాజిల్ సరిగ్గా చల్లడం లేదనో, టైమింగ్ జారిందనో చూసుకోవాలి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, అది రింగుల కథ. వెయ్యి రూపాయల మిషను చెప్పేది సైలెన్సర్ ఉత్తినే చెప్తుంది. పిల్లవాడు చెవుల్లో పాటలు పెట్టుకుని తోలుతాడు. ఇంజన్ చప్పుడు వినడు, పొగ చూడడు.

చేనుకు పోయి బండి స్టార్ట్ చేయించి దున్నమన్నాను. నేను గట్టు మీద నిలబడి చూశాను. అరగంట దాటాక రేస్ పడిపోవడం మొదలైంది. పొగ లేదు. రేడియేటర్ మీద చెయ్యి పెడితే ఎప్పుడూ ఉండే వేడే. అంటే పంపు హీటుకు పట్టేసిందనే మాట అప్పటికి పక్కన పెట్టొచ్చు. పంపు అరిగినా వేడెక్కాక మొరాయించేది నిజమే, లోపలి సందుల్లోంచి డీజిల్ జారిపోయి వేడి మీద సెల్ఫ్‌కు పడనే పడదు. ఇది కాసేపు ఆపితే పడుతోంది, చాలా సేపు బాగా లాగుతోంది. ఇలా ఆగి ఆగి వచ్చే రోగం దాదాపు ఎప్పుడూ ట్యాంకు దగ్గరే ఉంటుంది.

ట్యాంకు దగ్గరికి పోతే మూతే లేదు. ఎప్పుడో పోయిందట. దాని బదులు మూతి మీద ఎరువుల సంచి లోపలి ప్లాస్టిక్ కవరు కప్పి, సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా కట్టి ఉంది. వానకు నీళ్లు పోకుండా అట్లా కట్టారట. ఆ ట్యూబు ఊడదీయగానే సుయ్‌మని గాలి లోపలికి లాక్కుంది. కంపెనీ మూతకు సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. డీజిల్ ఎంత తగ్గితే అంత గాలి అందులోంచి లోపలికి రావాలి. రాకపోతే ట్యాంకు లోపల శూన్యం ఏర్పడి, ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ దిగదు. మూత ఉన్న బండ్లలో కూడా ఆ రంధ్రం మన ఎర్రదుమ్ముకు పూడిపోవడం నేను చాలాసార్లు చూశాను. అనుమానం వస్తే మూత రెండు చుట్లు వదులు చేసి ఒక సాలు దున్ని చూస్తే తేలిపోతుంది. పానా కూడా అక్కర్లేదు.

కవరు తీసేసి తోలమన్నాను. ముందుకన్నా ఎక్కువ సేపు లాగింది. మళ్లీ ఆగింది. మావాడు నా మొహం చూశాడు, ఇప్పుడైనా పంపు విప్పుదామా అన్నట్టు. నేను వరస వదల్లేదు. ట్యాంకు అడుగున కాక్ దగ్గర పైపు విప్పి డబ్బా పెట్టాను. మొదట ధారగా దిగింది, తర్వాత సన్నబడింది, ఆఖరికి చుక్కలు. పైపులోంచి నోటితో వెనక్కి ఊదితే లోపల బుడగలు వచ్చిన చప్పుడు, వెంటనే మళ్లీ ధార. మళ్లీ సన్నబడింది. లోపల ఏదో తిరుగుతోంది. డీజిల్ పారుతున్నప్పుడు రంధ్రానికి వచ్చి అడ్డం పడుతుంది, పారడం ఆగితే పక్కకు పోతుంది. బండి కాసేపు ఆపితే మళ్లీ స్టార్ట్ అయ్యే మర్మం అదే.

డీజిలంతా క్యాన్లలోకి దించి, చుట్టుపక్కల బీడీ వెలిగించకుండా అందరినీ దూరం పంపి, టార్చి వేసి చూస్తే అడుగున పత్తి. మూత పోయిన కొత్తలో ఎవరో చేలోంచి గుప్పెడు పత్తి తెచ్చి మూతిలో కుక్కారు. అది లోపల పడిపోయింది. తర్వాత కవరు కట్టారు. డీజిల్ పోసినప్పుడల్లా చేతులు తుడుచుకున్న పత్తి పోగులు కూడా చేరాయి. వేలెడంత ఉండ, మెత్తగా, నల్లగా, కొసన మట్టి పేరుకుని. తీగ వంచి బయటికి లాగాను. ఆ ఉండ వల్ల పంపు విప్పించబోయారు! పంపు విప్పి బెంచ్ మీద పెట్టించి, ఎలిమెంట్లు మార్పించి తెచ్చుకున్నా ఈ బండి మళ్లీ అరగంటకు ఆగేదే. అప్పుడు నాజిళ్లు అనేవాళ్లు. ఆ తర్వాత ఇంజన్ దించాలనేవాళ్లు. మూత పోయినరోజు ఒక మూత కొని ఉంటే ఇదేదీ లేదు.

ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, గాలి తీసి తోలాం. పొద్దుగూకే లోపు ఆ చేను అయిపోయింది.

గాలి తీయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పని ఎంతమందికి రాదో ఆ రోజే చూశాను. ఫిల్టరు మీద బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతి లివరును నింపాదిగా కొడుతూ పోవాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత గాజులా తేటగా డీజిల్. లివరు కొడుతూనే స్క్రూ బిగించాలి. కొట్టడం ఆపి బిగిస్తే మళ్లీ గాలి పడుతుంది. తర్వాత పంపు మీద స్క్రూ, ఆ తర్వాత నాజిళ్ల దగ్గర నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొడితే డీజిల్ చిమ్ముతుంది, ఒక్కొక్కటీ బిగించుకుంటూ రావాలి. దీన్ని చేయడానికి ఊళ్లో ఇప్పుడు మనిషిని పిలుస్తున్నారు. సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించేసుకున్నాక పిలుస్తున్నారు.

గాలి లాగుతున్న బండికి ఇంకో గుణం ఉంది. ఫీడ్ పంపుకు ముందున్న పైపు ఎక్కడైనా బీటలు వారితే ఒక్కోసారి చుక్క డీజిల్ కూడా బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కారడం లేదు కాబట్టి పైపు బాగుందనుకుంటారు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగా లాగి, సగానికి దిగాక మొరాయించే బండిలో ముందు ఆ రబ్బరు పైపును వంచి చూడాలి. జాయింట్లలో రాగి వాషర్లు కూడా చూడాలి. మేము పాత వాషరును పారేసేవాళ్లం కాదు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే రాగి మెత్తబడుతుంది, బోల్టు బిగించగానే చక్కగా అతుక్కుంటుంది. ఇప్పుడు తెల్ల టేపు చుట్టేస్తున్నారు. ఆ టేపు పోగులు ఊడి డీజిల్‌తో పాటు పోయి పంపులోనో నాజిల్‌లోనో ఇరుక్కుంటాయి. ఆపాలనుకున్న లీకు ఆగుతుంది, కొత్త జబ్బు పుడుతుంది. నీళ్ల పైపుకు చుట్టే టేపును డీజిల్ పైపుకు చుట్టిన చేతులను చూస్తే నాకు నిద్ర పట్టదు.

ఫీడ్ పంపు లోపల డయాఫ్రమ్ చిరిగితే ఇంకా ప్రమాదం. కొన్ని బండ్లలో ఆ డీజిల్ నేరుగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. దమ్ము తగ్గిన బండికి డిప్‌స్టిక్ తీసి చూడమనేది అందుకే. ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగిందంటే, వాసన చూస్తే డీజిల్ కొట్టిందంటే, ఇక ఆ బండిని ఒక్క అడుగు కూడా తోలకూడదు. పలచబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. దీనికి కావాల్సింది ఒక ముక్కు, ఒక గుడ్డ ముక్క.

ఇక డీజిల్‌ను ఇంట్లో ఉంచుకునే తీరు. మేము పీపాను కొంచెం వాలుగా పెట్టేవాళ్లం, కొళాయి ఉన్న వైపు ఎత్తుగా. నీళ్లు, మడ్డి అవతలి మూలకు చేరేవి. తెచ్చిన డీజిల్‌ను ఆ రోజే పోయకుండా ఒక రాత్రి కదలకుండా ఉంచేవాళ్లం. పోసేటప్పుడు గరాటులో జల్లెడ, దాని మీద ఉతికిన ధోవతి గుడ్డ. పొద్దుగూకాక బండి ఆపగానే ట్యాంకు నింపేవాళ్లు, ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి చెమ్మ పట్టి నీళ్లు దిగకుండా. అప్పటి బండ్లకు ఫీడ్ పంపు మీద గాజు బుడ్డి ఉండేది. పొద్దున్నే ఎండలో దాని వైపు ఒకసారి చూస్తే అడుగున నీటి బొట్టు తళుక్కుమనేది, మట్టి ఎంత చేరిందో తెలిసేది. దాని కింద మర తిప్పితే బుడ్డి చేతికొచ్చేది, కడిగి పెట్టేవాళ్లం. ఇప్పటి ఫిల్టర్లు మూసేసిన రేకు డబ్బాలు. లోపల ఏముందో కంటికి కనపడదు కాబట్టి ఎప్పుడు మార్చాలో పుస్తకం చూసి మార్చాలి. పుస్తకం సీటు కింద చిరగకుండా, తెరవకుండా ఉంటుంది.

ఈ డీజిల్ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో తన ఇంజన్‌ను గెలిపించి చూపాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ వాళ్లు పెట్టిన చిన్న డీజిల్ ఇంజన్‌ను బుడ్డల నూనెతో నడిపించారు. పక్కనున్న జనానికి అది నూనెతో నడుస్తోందనే సంగతి పెద్దగా తెలియనే లేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. బుడ్డలు పండించే మా పత్తికొండ, దేవనకొండ రైతుకు ఈ కథ ఎవరూ చెప్పలేదు. మన పంట నూనెతో నడిచిన ఇంజన్ మన చేలో ఆగిపోతే దాని లోపల ఏముందో మనకు తెలియకపోవడం నాకు బాధ.

కొత్త కాలంలో అన్నీ పాడయ్యాయని నేను అనను. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో వస్తున్న డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లే. మా రోజుల డీజిల్‌లో అది వేలల్లో ఉండేది, పొగ పీలిస్తే గొంతు మండేది, ఇంజన్ ఆయిల్ తొందరగా చెడేది. ఇప్పటి పొగ నయం. సెల్ఫ్‌లు, బ్యాటరీలు, బ్రేకులు అన్నీ మెరుగయ్యాయి. 50 హార్స్‌పవర్ దాటిన బండ్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, వాటిలో కామన్ రైల్ ఇంజన్లు పెడుతున్నారు. వాటి దగ్గర మాలాంటి పాతవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. పాత నాజిల్ దాదాపు 200 బార్ ఒత్తిడికి తెరుచుకునేది. దాని ముందు అరచెయ్యి పెట్టొద్దని మేస్త్రీ అప్పుడే చెప్పాడు, చర్మం చీల్చుకుని డీజిల్ ఒంట్లోకి పోతుంది. కామన్ రైల్‌లో ఒత్తిడి వెయ్యి బార్ దాటిపోతుంది. ఆ బండికి నాజిల్ నట్టు వదులు చేసి గాలి తీయబోతే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ మా పద్ధతి చెల్లదు. కానీ ఆ బండికి కూడా ట్యాంకు ఉంది, మూత ఉంది, ఫిల్టరు కింద నీళ్లు దించే మర ఉంది. ఒక్క నీటి బొట్టు పాత పంపును మురికి చేస్తే కొత్త పంపును తినేస్తుంది. ఖరీదైన బండికే ఆ శ్రద్ధ ఎక్కువ కావాలి.

ఇంకో సంగతి రోటావేటర్. చిన్న బండికి పెద్ద రోటావేటర్ తగిలించి, పత్తి కట్టెతో సహా ఒకే దెబ్బకు మట్టి పిండి చేయాలని చూస్తారు. ఇంజన్ నల్లగా కక్కుతుంది, దమ్ము పోయిందంటారు. దమ్ము పోలేదు, దాని శక్తికి మించింది. దానికి తోడు ఆ దుమ్ము. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ దుక్కుల కాలంలో మేము రోజూ చూసేవాళ్లం. అడుగున మట్టి గట్టిపడితే తీసి కడిగి గీత దాకా కొత్త ఆయిల్ పోసేవాళ్లం, గీత దాటనిచ్చేవాళ్లం కాదు. మొన్న ఒకరి బండిలో ఆ గిన్నె విప్పితే ఎర్రటి ముద్ద, వేలు పెడితే దిగలేదు. ఆ బండికి అప్పటికే పట్నంలో ఒక షెడ్డులో నాలుగు నాజిళ్లు మార్చి బిల్లు వేశారు. గిన్నె మాత్రం ఎవరూ విప్పలేదు.

అంటే తప్పు రైతుది ఒక్కడిదే కాదు. షెడ్డులో పిల్లలకు కూడా తట్టలో సామాను కడిగించే చదువు పోయింది. విప్పు, కొత్తది పెట్టు, బిల్లు రాయి. పాతదాంట్లో ఏం పోయిందో చూపించమంటే చూపించరు. మా మేస్త్రీ పాత సామాను రైతు చేతిలో పెట్టి, ఇదిగో ఇక్కడ అరిగింది అని గోరుతో గీకి చూపించేవాడు. ఆ గీత నేను ఇప్పటికీ అడుగుతాను. బిల్లు కట్టే ప్రతివాడూ అడగాలి.

నేర్పే చోటు లేక కాదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వారి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ 1983 నుంచి ఉంది. దక్షిణాది రాష్ట్రాలకంతా అదే. మనం పత్తికొండ మీదుగా గుత్తి చేరితే అక్కడి నుంచి అనంతపురం పోయే హైవేలోనే. ట్రాక్టర్ విప్పి, కోసి పెట్టిన ఇంజన్ లోపల చూపించి, చేతులతో చేయించి నేర్పుతారు. ట్రాక్టర్ కొనడానికి బ్యాంకు అప్పుకు తిరిగినన్ని రోజుల్లో పదో వంతు అక్కడ కూర్చుంటే చాలు. మా ఊళ్లో బండి ఉన్న ఇళ్లన్నీ తిరిగి ఈ మాట చెప్పాను. పెళ్లిచూపులకు, జాతరకు దొరికిన తీరిక దీనికి దొరకడం లేదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలో బండలాగే ఎద్దును ఏడాదంతా ఎట్లా మేపారో గంటసేపు చెప్పే మనుషులే, ఇంట్లో ఉన్న ఇంజన్‌కు ఆఖరిసారి ఫిల్టరు ఎప్పుడు మార్చారో చెప్పలేకపోతున్నారు.

సుగ్గికి పోయేవాళ్లతో మాత్రం నేను విడిగా మాట్లాడతాను. మా పడమటి మండలాల నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయే కుటుంబాల్లో బండి ఉన్నవాళ్లూ ఉన్నారు. వాన లేని ఏడు ట్రాక్టర్ కిస్తీ కట్టడానికే పోతారు. బండి నెలల తరబడి వాకిట్లో నిలబడుతుంది, ట్యాంకులో కాలో అరో డీజిల్, పైన మూత ఉందో లేదో. తిరిగొచ్చి మొదటి వానకు చేలో దించితే రెండు సాళ్లకు ఆగుతుంది. సెల్ఫ్ కొడతారు, ఫోను కొడతారు, పంపు విప్పుతారు. వాళ్లకు చెప్పేది ఇంతే. పోయేముందు ట్యాంకు మూతి దాకా నింపండి, కాక్ మూయండి. మూత కంపెనీదే పెట్టి పైన గోనెగుడ్డ కప్పండి, ప్లాస్టిక్ కట్టొద్దు. వచ్చాక సెల్ఫ్ ముట్టుకోకముందే ట్యాంకు అడుగున మర వదులు చేసి మొదట వచ్చిన డీజిల్‌ను గాజు గ్లాసులో పట్టండి, కాసేపు కదలకుండా పెట్టండి. అడుగున నీళ్లు కనిపిస్తే తేట వచ్చేదాకా దించేసి, ఫిల్టరు మార్చి, గాలి తీసి, అప్పుడు బండి ఎక్కండి. ఆ పని చేతకానివాళ్లు మా ఇంటికి రండి, పానాలు నా దగ్గర ఉన్నాయి. ఫిల్టరు మాత్రం మీరే తెచ్చుకోవాలి.